గల్ఫ్‌లో ఒంటరిగా ఉంటూ ట్యూషన్లు చెప్పుకునే క్రైస్తవ అమ్మాయికి చర్చి, ప్రార్థన వీలవుతాయా?

భీమవరంలో బీఎస్సీ, బీఈడీ చేసిన ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. దుబాయ్‌లో ఒక ట్యూషన్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చిందట. ఇంట్లో పెద్దవాళ్లకి రెండు భయాలు. ముస్లిం దేశం కదా, చర్చికి వెళ్లనిస్తారా, బైబిలు ఎయిర్‌పోర్టులోనే లాక్కుంటారేమో అనేది ఒకటి. పెళ్లికాని పిల్ల, ఒంటరిగా ఉంటే విశ్వాసం చల్లారిపోతుందేమో అనేది రెండోది. నేను కొన్నేళ్లుగా అదే ఊళ్లో అదే పని చేస్తున్నాను. సీబీఎస్ఈ పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ చెబుతాను. కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మొదటి భయం తీసి పక్కన పెట్టేయండి. మన సొంతానికి బైబిలు తెచ్చుకోవచ్చు. నేను తెలుగు బైబిలు, కీర్తనల పుస్తకం రెండూ చేతి సంచిలోనే తెచ్చుకున్నాను, ఎవరూ తెరిచి చూడలేదు. దుబాయ్‌లో చర్చిలు ఈమధ్య వచ్చినవి కావు. ఊద్ మేథాలోని సెయింట్ మేరీస్ క్యాథలిక్ చర్చి 1967లో మొదలైంది, స్థలం ఇచ్చింది అప్పటి పాలకుడు షేక్ రాషిద్. ఆ దగ్గర్లోనే హోలీ ట్రినిటీ చర్చి ఉంది. ఆ ప్రాంగణంలో ఒక్కో హాల్లో ఒక్కో భాష వినిపిస్తుంది: ఒకచోట తమిళం, పక్కన ఉర్దూ, ఇంకోచోట ఫిలిప్పీన్స్ వాళ్ల తగలాగ్, మధ్యలో మన తెలుగు. గంటల లెక్కన హాళ్లు పంచుకుంటారు. మన టైం అయిపోయేసరికి తర్వాతి సంఘం వాళ్లు గిటార్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటారు. కాబట్టి ప్రసంగం ఇంకో అరగంట సాగదీయడం ఎంతటి పాస్టరుగారికైనా కుదరదు. (ఇక్కడి పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. మా పాస్టరుగారికి చెప్పకండి.) జబల్ అలీలో ఇంకో చర్చిల సముదాయం ఉంది. గురుద్వారా, 2022లో తెరిచిన హిందూ గుడి కూడా ఆ పక్కనే. మైకులు బయటికి పెట్టరు, వీధిలో ఊరేగింపులు ఉండవు. హాలు లోపల గొంతెత్తి పాడుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇక్కడ నిజంగా అడ్డొచ్చేది మన టైమ్‌టేబుల్.

2021 చివరిదాకా ఇక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అందుకే గల్ఫ్‌లో ఎన్నో ఏళ్లుగా పెద్ద ఆరాధన శుక్రవారం పొద్దున జరిగేది. 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వం సెలవుల్ని శని, ఆదివారాలకు మార్చి, శుక్రవారం సగం పూట పని పెట్టింది. ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు ఇన్నాళ్లకి ఆదివారం దొరికిందని సంబరపడ్డారు. ట్యూషన్ చెప్పేవాళ్లకు సరిగ్గా అప్పుడే ఆదివారం పోయింది. పిల్లలు బడికి వెళ్లకుండా దొరికేది ఆ రెండు రోజులేగా! మా సెంటర్‌లో ఆదివారం పొద్దున తొమ్మిదికి పదో తరగతి లెక్కలతో మొదలైతే సాయంత్రం దాకా బోర్డు తుడవడానికి తీరిక ఉండదు. బోర్డు పరీక్షలు ఫిబ్రవరిలో మొదలవుతాయి కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో మరీనూ.

వారానికి కనీసం ఒక రోజు సెలవివ్వాలని ఇక్కడి కార్మిక చట్టం చెబుతుంది. నేను శుక్రవారం అడిగాను. ఆ రోజు పిల్లలు పలచగా ఉంటారు కాబట్టి మేనేజరు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. శుక్రవారం ఆరాధన మానని సంఘాలు ఇంకా ఉన్నాయి, నేను వెళ్లేది అలాంటిదే. అమ్మకి మాత్రం ఇది మింగుడు పడలేదు. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. మా ఇంట్లో ఆదివారం పూట బడి పుస్తకం తెరిస్తేనే కళ్లెర్ర చేసేవారు. "ఆదివారం పాఠాలేంటే?" అని అమ్మ ఫోన్లో సాగదీస్తుంటే నాన్న పక్కనుంచి, "ఆదివారం ఆసుపత్రిలో నర్సులు పనిచేయట్లేదా?" అన్నారు. ఆ ముక్కతో ఆ గొడవ తీరింది. మా పిన్ని నర్సు.

శుక్రవారం సంఘంలో కనిపించే మనుషులు వేరు. ఆదివారం ఆరాధనకి కారున్న కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. శుక్రవారం వచ్చేవాళ్లలో సోనాపూర్‌లోని కార్మికుల క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చే ఏసీ మెకానిక్కులు, మేస్త్రీలు, ఇళ్లల్లో పనిచేసే అక్కలు ఎక్కువ. వాళ్లలో పాలకొల్లు వైపు అక్క ఒకావిడ ఉన్నారు. ఒక ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకునే పని, రెండు వారాలకోసారి శుక్రవారం బయటికి పంపుతారు. ఓసారి ఆరాధన అయ్యాక వందనాలు చెప్పి, నా చెయ్యి వదలకుండా, "మా పిల్ల పదికొచ్చిందమ్మా. లెక్కలంటే ఏడుత్తంది. నువ్వు లెక్కల టీచరంట గదా, కాస్త చూడవా?" అన్నారు.

అప్పటి నుంచి ఆవిడకి సెలవున్న శుక్రవారాల్లో మాకు ఒక పద్ధతి కుదిరింది. అక్కడ బడి వదిలే వేళకి ఇక్కడ మూడవుతుంది (మనకన్నా దుబాయ్ గంటన్నర వెనక). ఈలోపు కరామాలో భోంచేస్తాం. తర్వాత చలికాలమైతే పార్కులో బెంచీ, ఎండాకాలమైతే మా గది. నీళ్ల బాటిలుకి ఫోను ఆనించి జూమ్ పెడతాను. ఏపీలో పదో తరగతికి ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే కాబట్టి నేను కొత్తగా తయారవ్వాల్సింది కూడా లేదు. ఎత్తులు, దూరాల లెక్కలు చెబుతున్నప్పుడు పుస్తకంలో టవర్ బొమ్మ చూపిస్తే పిల్లకి తలకెక్కలేదు. "మీ వాకిట్లో కొబ్బరి చెట్టు ఉందిగా, దాని మొవ్వు 45 డిగ్రీల్లో కనిపించేదాకా వెనక్కి నడు" అన్నాను. నడిచింది. "ఇప్పుడు నీకూ మొదలుకీ మధ్య ఎంత దూరమో, నీ కంటికి పైన చెట్టు అంత ఎత్తు. దానికి నీ కళ్ల ఎత్తు కలుపు." రెండు నిమిషాలు ఏదో గొణుక్కుని సరైన సమాధానం చెప్పింది.

అక్కకి టాన్ తీటా ఏంటో తెలియదు. ఫోను మీదికి వంగి, "గోడకి సున్నం ఏయించేరా? నీ చెవి దిద్దులేయే? నాన్నమ్మ మందులేసుకుంటందా?" అని మధ్యలో వస్తూనే ఉంటుంది. పిల్ల విసుక్కుంటుంది, "అమ్మా, ఆగు, లెక్క చేత్తన్నాను" అని. ఆ విసుగు కూడా ఆవిడకి ఇష్టమే. నేను తొందరగా ముగించను. అర్థమైన లెక్కనే ఇంకోసారి చేయిస్తుంటాను. విశ్వాసం చల్లారుతుందా అని అడిగారు కదా, నాది చల్లారకుండా ఉన్న చోటు ఇది. ప్రసంగాలు ఫోన్లో ఎన్నయినా వినొచ్చు.

రంజాన్ నెలలో పని వేళలు మారతాయి. ప్రైవేటు కంపెనీల్లోనూ రోజుకి రెండు గంటలు తగ్గిస్తారు, బళ్లు తొందరగా వదిలేస్తారు. ఉపవాసం ఉన్న పిల్లలకి మధ్యాహ్నం పాఠం ఎక్కదు కాబట్టి క్లాసులు ఇఫ్తార్ అయ్యాక రాత్రికి జరుగుతాయి. పగలు వాళ్ల ముందు తినకుండా, తాగకుండా ఉండటం మర్యాద. 2021 నుంచి దుబాయ్‌లో హోటళ్లకి పరదాలు కట్టాలన్న నియమం కూడా ఎత్తేశారు కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. 2025లో రంజాన్ మార్చి 1న మొదలైతే, ఈస్టరుకి ముందు మనం ఉపవాసాలుండే శ్రమకాలం బూడిద బుధవారంతో మార్చి 5న మొదలైంది. అప్పుడు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, ఈజిప్టు పిల్లాడు, "మిస్, మీకూ ఉపవాసం ఉంటుందా?" అని ఆశ్చర్యపోయాడు. నలభై రోజులు ఒకపూట మానేస్తాను, మాంసం తినను అన్నాను. "నీళ్లు తాగొచ్చా?" తాగొచ్చన్నాను. "అయితే ఈజీయే" అని తీర్పు చెప్పేసి లెక్కలో పడ్డాడు. వాడితో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

మన తెలుగు తల్లిదండ్రులతోనే కాస్త నేర్పు కావాలి. మొదటి పరిచయంలోనే నుదుటి వైపు చూసి, "బొట్టు పెట్టుకోలేదేంటండీ?" అంటారు. క్రైస్తవులమండీ అని చెబితే సరిపోతుంది. నా అనుభవంలో ఆ తర్వాత మార్కుల గురించి తప్ప ఇంకేమీ అడగరు. వరలక్ష్మీ వ్రతానికో దసరాకో ప్రసాదం పట్టుకొస్తే ఏం చేయాలి? మా సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. విగ్రహాలకు పెట్టినవి తినొచ్చా అని కొరింథు సంఘంలోనే తగాదా వచ్చింది, పౌలు ఉత్తరంలో అధ్యాయాలకు అధ్యాయాలు దాని మీదే ఉన్నాయి, మనమెంత! నేను తినను. కానీ మొహం చిట్లించడం, ఇంటికెళ్లి చెత్తబుట్టలో వేయడం నాకు నచ్చదు. ఒక పిల్లాడి తల్లికి ఉన్నమాట చెప్పేశాను: "ఏమీ అనుకోకండి, ప్రసాదం తీసుకోనండీ, పులిహోర అంటే మాత్రం ప్రాణం." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "దేవుడి దగ్గర పెట్టకముందే మీకు తీసి పక్కన ఉంచితే?" అన్నారు. అప్పటినుంచి ప్రతి పండక్కీ ఒక స్టీలు డబ్బా నా బల్ల మీదికి వస్తుంది. క్రిస్మస్‌కి మా కేకు వాళ్లింటికి వెళ్తుంది, గుడ్డు వేయనిది.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మతం మార్చే ఉద్దేశంతో ఎవరికీ బోధించకూడదు, కరపత్రాలు పంచకూడదు. ఇక్కడ అది నేరం. చట్టం లేకపోయినా నేను ఆ పని చేసేదాన్ని కాను. లెక్కలు చెప్పమని నమ్మి పంపిన పిల్లాడికి, నా మాటకి ఎదురు చెప్పలేని వయసులో, లెక్కలే చెప్పాలి. అడిగితే అడిగినంత వరకు జవాబిస్తాను. రెండోది, మన ఊరి మందిరానికి స్లాబు వేస్తున్నాం, తలా ఇంత వేయండి అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ చందాలు వసూలు చేయకూడదు. మనవాళ్లు మంచి మనసుతోనే దీంట్లో ఇరుక్కుంటారు. మీరు ఇవ్వాలనుకున్నది మీ ఖాతా నుంచి ఇంటికి పంపి, అమ్మానాన్నల చేత ఇప్పించండి. మూడోది, సెంటర్ వీసా మీద ఉండి గుట్టుగా ఇళ్లకి వెళ్లి ట్యూషన్ చెప్పడం. సొంతంగా చెప్పేవాళ్ల కోసం 2023 డిసెంబరులో ప్రైవేటు టీచర్ వర్క్ పర్మిట్ తెచ్చారు. ఫీజు లేదు, రెండేళ్లకి ఇస్తారు. మీకు వర్తిస్తుందో లేదో ముందు మీ కంపెనీని అడిగి తెలుసుకోండి.

గది సంగతి. జీతం మొదట్లో బెడ్ స్పేస్‌కే సరిపోతుంది, అంటే ఒక గదిలో ఒక మంచం మనది. మా గదిలో ఒక మలయాళీ నర్సు, ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. మోకరించడానికి జాగా లేదు, గట్టిగా పాడితే నైట్ డ్యూటీ చేసొచ్చిన వాళ్లకి నిద్ర చెడుతుంది. దుప్పటి కప్పుకుని ప్రార్థన చేసుకోవడం అలవాటైంది. ఇంటి కుటుంబ ప్రార్థన రాత్రి తొమ్మిదికి, అంటే ఇక్కడ ఏడున్నర. అప్పుడు నేను క్లాసులో ఉంటాను. వాట్సాప్‌లో కాల్స్ ఇక్కడ పనిచేయవు, మెసేజీలు వెళ్తాయి. (మాట్లాడుకోవడానికి బోటిమ్ అనే యాప్ వేయించుకోమని మీ వాళ్లకి ఇప్పుడే చెప్పండి.) అందుకని అమ్మ ప్రార్థన మొత్తం వాయిస్ మెసేజ్‌గా పంపుతుంది, నాన్న దగ్గు, వీధి కుక్కల అరుపులతో సహా. మెట్రోలో వింటాను. చుట్టాలందరి పేర్లూ అయ్యాక, చివర నా పెళ్లి గురించి ఒక విన్నపం తప్పకుండా ఉంటుంది. అది దేవుడికి చెబుతోందో నాకు చెబుతోందో ఇద్దరికీ తెలుసు.

క్రిస్మస్ ఇక్కడ ప్రభుత్వ సెలవు కాదు. కానీ కరామా దుకాణాల్లో నవంబరు నుంచే నక్షత్రాలు వేలాడతాయి, మన సంఘాల్లో సెమీ క్రిస్మస్‌లు డిసెంబరు మొదట్లోనే మొదలవుతాయి. మా గదిలో అమ్మాయిలు పదహారో తారీకు నుంచి తొమ్మిది రోజులు సెయింట్ మేరీస్‌లో వాళ్ల సింబాంగ్ గాబికి, అంటే క్రిస్మస్ ముందు జరిగే ప్రార్థనలకి వెళ్తారు. ఒక రోజు నన్నూ లాక్కెళ్లారు, లోపల చోటు లేక బయటే నిలబడ్డాం. ఇరవై ఐదో తారీకు మధ్యాహ్నం నేను ప్రీ బోర్డు పేపరు చేయిస్తుంటాను. బాధ ఉండదని అబద్ధం చెప్పను. డిసెంబరు 31 రాత్రి మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది కాబట్టి వాచ్ నైట్ సర్వీసుకి మాత్రం హాయిగా వెళ్లొచ్చు. ఊరంతా బుర్జ్ ఖలీఫా బాణసంచా కోసం పరుగులు పెడుతుంటే మేం కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దాన వచనం కార్డు తీసుకోవడానికి వరసలో ఉంటాం.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఆఫర్ లెటర్ తీసి, వారపు సెలవు ఏ రోజో రాశారో లేదో చూడండి. "వారానికి ఒక రోజు" అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకముందే శుక్రవారం అని రాయించుకోండి. చేరాక అడిగితే మంగళవారం ఇస్తారు, మంగళవారం ఆరాధన మాత్రం ఎక్కడా దొరకదు.