ఉల్మ్‌కి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నీకు జర్మనీలో మూడు నెలల ప్రాజెక్టు పడిందట, మే నుంచి జూలై ఆఖరుదాకా. "ఊరి పేరు ఉల్మ్‌ట, అదేం ఊరన్నయ్యా, ఎప్పుడూ వినలేదు" అని ఒకటే బెంగ. నువ్వేమో అప్పుడే శని ఆదివారాలకి పారిస్, ప్రాగ్, స్విట్జర్లాండ్ అంటూ లిస్టు రాసేసుకున్నావట. ఆ లిస్టులో సగం కొట్టెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం.

2003 మార్చిలో నేనూ అదే ఊరికి మెషీన్ ట్రయల్స్‌కి వెళ్ళాను. మొదటి మూడు వారాలూ నాకు ఉల్మ్ అంటే హోటల్ గది, ఫ్యాక్టరీ గేటు, రైల్వే స్టేషన్. శుక్రవారం సాయంత్రం అయిందంటే బ్యాగు భుజాన పడేది. మార్చి ఆఖరి ఆదివారం పొద్దున్నే మ్యూనిక్ బండి ఎక్కుదామని వెళ్తే ప్లాట్‌ఫాం మీద పురుగు లేదు. నా వాచీలో ఏడున్నర, స్టేషన్ గడియారంలో ఎనిమిదిన్నర. ఆ రాత్రి దేశమంతా గడియారాలు గంట ముందుకి జరుపుతారట. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చవగ్గా వచ్చిందని ముందే కొన్న టికెట్టు, ఆ ఒక్క బండికే చెల్లుతుంది. నన్ను నేనే తిట్టుకుంటూ ఊళ్ళోకి నడిచాను. ఆదివారం కదా, కొట్లన్నీ మూత. చేసేదేం లేక గంటలు మోగుతున్న వైపు వెళ్ళాను.

అది మ్యూన్‌స్టర్, ఆ ఊరి పెద్ద చర్చి. 1377లో పునాది వేశారు, గోపురం పూర్తయింది 1890లో. ఎత్తు 161.53 మీటర్లు. మొన్నమొన్నటిదాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అదే, 2025లో బార్సిలోనా చర్చి దాన్ని దాటేసింది. ఉల్మ్ వాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తకు. ప్రార్థన అయ్యాక లోపలికెళ్ళాను. పాటగాళ్ళు కూర్చునే చెక్క బల్లల చివర పదిహేనో శతాబ్దంలో చెక్కిన తలలున్నాయి. సాధువులో దేవదూతలో అనుకున్నాను. తీరా చూస్తే ఒకడు పైథాగరస్, ఇంకొకడు టాలెమీ! పైథాగరస్ మెడ వంచి వాద్యం వాయించుకుంటున్నాడు. చర్చిలో లెక్కల మేష్టారు కనపడేసరికి మ్యూనిక్ సంగతి మర్చిపోయాను.

ఆ చర్చి కప్పు మీద ఒక పిచ్చుక బొమ్మ ఉంటుంది. దాని కథ మన పరమానందయ్య శిష్యుల కథలాంటిదే. చర్చి కోసం తెచ్చిన పొడుగాటి దూలాన్ని బండి మీద అడ్డంగా పెట్టుకుని ఊరి ద్వారంలో దూర్చాలని చూశారట. పట్టలేదు. ద్వారం పగలగొడదామా అనుకుంటుండగా, ఒక పిచ్చుక గడ్డిపోచని నిలువుగా పట్టుకుని గూట్లోకి దూరడం ఎవరో చూశారట. తమ తెలివితక్కువతనాన్నే ఊరి గుర్తుగా పెట్టుకున్న జనం వాళ్ళు. నాకు ఆ ఊరిమీద ఇష్టం అక్కడే మొదలైంది.

అసలు నీకు దొరికే సంపద సాయంత్రాలు. అక్కడ పని వేళ అయిపోతే అయిపోయినట్టే, దాన్ని ఫాయరాబెంట్ అంటారు. నువ్వు ఆరు దాటాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మెచ్చుకోరు, ఏదో తేడా ఉందనుకుంటారు. జూన్‌లో తొమ్మిది దాటాక గానీ పొద్దు గూకదు. అంటే ఆఫీసయ్యాక మూడు నాలుగు గంటల వెలుగు నీదే. నా రోజుల్లో బస్సు ఉండేది. ఇప్పుడు, 2018 చివరి నుంచి, ఆఫీసులుండే సైన్స్ పార్కు నుంచి ఊళ్ళోకి రెండో నంబరు ట్రామ్ నడుస్తోంది. దిగి ఫిషర్‌ఫీర్టెల్‌కి నడువు, జాలర్ల పేట అన్నమాట. బ్లావు అనే చిన్న ఏరు పాయలుగా చీలి ఇళ్ళ గోడలని ఒరుసుకుంటూ పారుతుంది. ఒక ఇల్లయితే నీళ్ళమీదికి ఎంత వంగిపోయిందంటే మన మేస్త్రీ చూస్తే గుండె పట్టుకుంటాడు. ఇప్పుడది హోటల్. అది దాటితే పాత కోటగోడ, కింద డాన్యూబ్. గోదావరి చూసి పెరిగిన కళ్ళకి అది పెద్ద కాలవలా కనిపిస్తుంది, పైకి అనకు. గోడ మీద కూర్చుని చూడు. అవతలి ఒడ్డు నోయ్-ఉల్మ్, అది వేరే రాష్ట్రం, బవేరియా. వంతెన దాటితే రాష్ట్రం మారిపోతుంది.

ఇవతలి ఒడ్డున, ఉల్మ్ వైపు నుంచే, 1811లో బెర్‌బ్లింగర్ అనే దర్జీ తను కట్టుకున్న రెక్కలతో నది దాటబోయి, అందరూ చూస్తుండగా నీళ్ళలో పడ్డాడు. ఊరంతా ఎగతాళి చేసింది. 1986లో అలాంటి రెక్కలే చేసి పరీక్షిస్తే అవి ఎగురుతాయని తేలింది. చల్లటి నది మీద గాలి పైకి లేవదు, అదీ అతని ఖర్మ. ట్రయల్ ఫెయిలైన రోజు సాయంత్రం అక్కడికెళ్ళి కూర్చో, నేను అదే చేసేవాణ్ణి. ఐన్‌స్టీన్ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే, 1879లో. ఏడాది దాటగానే వాళ్ళ కుటుంబం మ్యూనిక్ వెళ్ళిపోయింది, ఆ ఇల్లు యుద్ధంలో పోయింది. ఫోటోకి తప్ప అక్కడ పెద్దగా ఏమీ లేదు.

ఒక ఆదివారం మాత్రం అదే ట్రామ్‌లో రెండో కొసకి, కూబెర్గ్‌కి వెళ్ళు. 1953లో మొదలై 1968లో మూతపడిన డిజైన్ స్కూలు భవనం ఆ కొండమీదే ఉంది. దాన్ని పెట్టినవాళ్ళలో ఒకరు ఇంగె షోల్. ఆవిడ తమ్ముడు హాన్స్, చెల్లెలు సోఫీ హిట్లర్‌కి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు 1943లో తలలు పోగొట్టుకున్నారు. ఇద్దరూ ఉల్మ్‌లో పెరిగిన పిల్లలే. 1933 నుంచి 1935 వరకు నాజీల నిర్బంధ శిబిరం నడిచిన కోట కూడా ఆ కొండమీదే, ఇప్పుడు స్మారకంగా ఉంచారు. రెండూ ఒకే రోజు చూడు, మధ్యలో ఫోన్ తియ్యకు.

ఇక తిండి. బుధవారం, శనివారం పొద్దున మ్యూన్‌స్టర్ ముందు సంత పెడతారు. మేలో తెల్ల ఆస్పరాగస్ కుప్పలు పోసి ఉంటుంది, జూన్ 24 దాటితే ఇక దొరకదు. చిల్లర యూరోలు దగ్గర పెట్టుకో. నీలాంటి శాకాహారికి ఆ ప్రాంతంలో దొరికే వరం పప్పు. నిజం! లిన్జెన్ మిట్ ష్పెట్స్‌లే అని అడుగు. ముదురు రంగు పప్పులో, మనం చింతపండు పులుసు పోసినట్టు, కాస్త వెనిగర్ పోసి గుడ్డు కలిపిన సేమ్యాల్లాంటి వాటితో పెడతారు. గుడ్డు తింటావు కదా? పైన సాసేజీలు వేస్తారు, "ఓనె వుర్స్ట్" అంటే మానేస్తారు. పప్పులోనే పంది మాంసం ముక్కలు వేసే చోట్లూ ఉంటాయి, అదీ ముందే అడుగు. ఆ పప్పు పక్కనే ఉన్న ఆల్ప్ కొండల (ఆల్ప్స్ కావు) పంట. గిట్టుబాటు కాక రైతులు వదిలేస్తే విత్తనమే కనబడకుండా పోయింది. 2006లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వావిలోవ్ విత్తన నిధిలో దొరికింది. అక్కడి నుంచి తెచ్చి మళ్ళీ పండిస్తున్నారు.

చిన్న సంగతులు: ఆదివారానికి పాలూ కూరలూ శనివారమే కొనుక్కో. మంచినీళ్ళడిగితే గ్యాసు నీళ్ళిస్తారు, కుళాయి నీళ్ళు కావాలంటే "లైటుంగ్స్‌వాసర్" అను. మధ్యాహ్నం వరండాలో ఎవరైనా "మాల్‌త్సైట్" అంటే నువ్వూ అదే అను, భోజనవేళ పలకరింపు అది. కొట్లోకి వెళ్ళగానే "గ్రూస్ గాట్" అనకపోతే పొగరనుకుంటారు.

జూలైలో చివరి నుంచి రెండో సోమవారం ఏ మీటింగూ పెట్టుకోకు. అది ష్వోర్‌మోంటాగ్. పొద్దున మేయర్ మేడ మీద నిలబడి, ధనికులకీ పేదలకీ ఒకేలా ఉంటానని 1397 నాటి పత్రంలోని మాటలతో ప్రమాణం చేస్తాడు. మధ్యాహ్నం జనం డాన్యూబ్‌లోకి దిగుతారు, గాలి పడవలు, అలంకరించిన తెప్పలు, కొందరు ఈదుకుంటూ. దాన్ని నాబాడ అంటారు. తడిసే బట్టలు వేసుకో. నేను మార్చిలో వెళ్ళాను కాబట్టి చూడలేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

ఇంకొకటి. ఆ గోపురానికి 768 మెట్లంటారు. ఆ ఆదివారం నేను లెక్కపెడుతూ ఎక్కితే 761 వచ్చాయి. పైదాకా తెరిచి ఉంటే నువ్వు లెక్కపెట్టి నాకు చెప్పు.

మీ మామయ్య