మిలిటరీ నుంచి రాగానే దొరికిన ఉద్యోగంలో చేరిపోవాలా?

ప్రశ్న: మావారు ఆర్మీలో హవల్దార్. 24 ఏళ్ల సర్వీసు ముగించుకుని వచ్చే మే నెలాఖరుకు ఇంటికి వస్తున్నారు. వయసు 43, చదివింది ఇంటర్. పాప తిరుపతి హాస్టల్లో ఉండి ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. బాబు ఐదో తరగతి. "డిగ్రీ లేదు, వయసైపోయింది, ఏదో సెక్యూరిటీ పని చూసుకోమను" అంటున్నారు బంధువులు. పిల్లల చదువులు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, పలమనేరు

జవాబు: అమ్మా, ముందు వయసు సంగతి చూద్దాం. మాజీ సైనికుల వయసు లెక్క వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు అసలు వయసులోంచి సర్వీసు కాలాన్ని తీసేస్తారు. 43లో 24 పోతే 19. అలా వచ్చిన వయసు గరిష్ఠ పరిమితిని మూడేళ్ల వరకు దాటినా ఒప్పుకుంటారు. కాబట్టి మీవారికి వయసు అడ్డం కాదు. బ్యాంకు క్లర్కు పరీక్షకు మాత్రం ఎంత సడలింపు ఇచ్చినా 50 ఏళ్లు దాటకూడదు.

డిగ్రీ కూడా అంతే. టెన్త్ పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవారిని, డిగ్రీ అడిగే గ్రూప్ సి (క్లర్కు స్థాయి) పోస్టులకు సైతం పరిగణించవచ్చు. సాంకేతిక అనుభవం తప్పనిసరి అయిన పోస్టులకే ఇది వర్తించదు. అందుకు అవసరమైన ఆర్మీ విద్యా సర్టిఫికెట్‌ను యూనిట్ వదలకముందే చేతికి తీసుకోమనండి. కేంద్రంలో గ్రూప్ సి కొలువుల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు, వికలాంగులైన సైనికులకు, అమరుల కుటుంబాలకు కేటాయించారు. రోజూ రెండు గంటలు లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్ చదివితే అందుకోలేనివేమీ కావు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ రిజర్వేషన్ పదేపదే వాడుకునేది కాదు. మా బాబాయి కూడా సైన్యం నుంచి వచ్చినవాడే. ఇల్లు గడవాలని కోటాలో మొదట దొరికిన ప్రభుత్వ అటెండరు ఉద్యోగంలో చేరిపోయాడు. అప్పటికే బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టి ఉన్నాడు, రాశాడు, మంచి మార్కులూ వచ్చాయి. కానీ కోటా అప్పుడే వాడేసుకున్నావన్నారు. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తే. 2014లో వచ్చిన కేంద్ర ఉత్తర్వు ప్రకారం, ఉద్యోగంలో చేరకముందే ఏయే పోస్టులకు ఏ తేదీన దరఖాస్తు చేశారో చేరగానే ఆ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే, ఆ పోస్టులకు రిజర్వేషన్ నిలుస్తుంది. ఆ ఒక్క కాగితాన్ని మీవారు మర్చిపోకూడదు. ప్రైవేటు సెక్యూరిటీ పనికి వెళ్లినంత మాత్రాన కోటా పోదు. ఇల్లు గడవడానికి ఏడాదిపాటు ఆ పని చేస్తూ చదువుకుంటానంటే నేను వద్దనను. అదే చాలు అనుకుంటేనే బాధ.

సర్వీసులో ఉండగానే రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేట్ ఇప్పించే ఉద్యోగ శిక్షణ కోర్సులకు కూడా పేరు ఇవ్వమనండి. మీవారిలాంటి జవాన్లకు, జేసీఓలకు (సుబేదార్ స్థాయివారికి) ఫీజు ప్రభుత్వమే కడుతుంది.

ఇప్పుడు పాప విషయం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు 'క్యాప్' కేటగిరీ కింద 2 శాతం సీట్లున్నాయి. దరఖాస్తులోనే ఆ కేటగిరీ పెట్టాలి, పిలిచిన రోజున ఒరిజినల్స్‌తో వెళ్లాలి. ఆ రోజు తప్పితే సీటు చేజారినట్టే. బీటెక్‌లో చేరాక ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. అమ్మాయిలకు నెలకు 3,000 రూపాయలు, అంటే ఏడాదికి 36,000. ఇంటర్లో 60 శాతం రావాలి, మొదటి సంవత్సరంలోనే కేంద్రీయ సైనిక్ బోర్డు పోర్టల్లో దరఖాస్తు చేయాలి. ఇది మాజీ సైనికుల పిల్లలకే గానీ సర్వీసులో ఉన్నవారి పిల్లలకు రాదు. మీవారు మేలో వచ్చేస్తున్నారు కాబట్టి మీకు సరిగ్గా కలిసొస్తుంది.

బాబుకు ఆరో తరగతి ప్రవేశానికి పీలేరు పక్కనున్న కలికిరి సైనిక్ స్కూల్ ఉంది, అందులో సైనికుల పిల్లలకు కోటా ఉంది. అక్కడ రాకపోయినా, హవల్దార్ స్థాయి వరకు ఉన్న మాజీ సైనికుల పిల్లల్లో ఇద్దరికి, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువు సాయం ఇస్తారు. 2025 నవంబరు నుంచి దాన్ని నెలకు 1,000 నుంచి 2,000 రూపాయలకు పెంచారు.

వీటన్నిటికీ తొలి అడ్డంకి పేర్లలోనే వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, సర్వీసు రికార్డుల్లో అసలుండదు. మీ పేరు, పిల్లల పేర్లు, పుట్టినతేదీలు పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలను సర్వీసు రికార్డుల్లోకి ఎక్కించే ఆర్మీ కాగితంలో) ఎలా ఉన్నాయో ఈ రాత్రే ఫోన్‌లో మీవారిని అడగండి. తేడా ఉంటే సర్వీసులో ఉండగానే సరిచేయించడం తేలిక. బయటికొచ్చాక రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ నెలలు గడుస్తాయి. ఆయన రాగానే డిశ్చార్జి బుక్, పెన్షన్ ఆర్డరు, ఫొటోలు తీసుకుని ఇద్దరూ చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకుని, మాజీ సైనికుడి గుర్తింపు కార్డుకు దరఖాస్తు ఇచ్చి రండి. మీరూ తోడుగా వెళ్లండమ్మా. 24 ఏళ్లు ఇంటి కాగితాలన్నీ చూసుకున్నది మీరే కదా.