స్కాట్లాండ్‌లోని క్రొమార్టీషైర్ పాత మ్యాపుల్లో ముక్కలు ముక్కలుగా ఎందుకు కనిపిస్తుంది?

ఒక్క మాటలో చెప్పాలంటే, ఒక జమీందారు పలుకుబడి వల్ల.

అసలు క్రొమార్టీషైర్ చాలా చిన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. తూర్పు తీరంలో క్రొమార్టీ ఊరు, దాని చుట్టుపక్కల కాస్త నేల, అంతే. 17వ శతాబ్దంలో టార్బట్‌కు చెందిన సర్ జార్జ్ మెకెంజీ చేతికి ఈ ప్రాంతం వచ్చింది. ఆయన భూములు పక్కనున్న రాస్‌షైర్‌లో ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉండేవి. రాజకీయంగా గట్టి మనిషి కాబట్టి, 1685లోనూ 1690లోనూ పార్లమెంటు చేత చట్టాలు చేయించి వాటిని క్రొమార్టీలో కలిపించుకున్నాడు. దాంతో ఎక్కడో పడమటి తీరంలో ఉన్న కోయిగాచ్ కూడా ఈ కౌంటీదే అయింది. 1788లో హెర్రింగ్ చేపల వేట కోసం కట్టిన అల్లాపూల్ రేవు ఉన్నదీ ఆ ముక్కలోనే! మధ్యలో ఉన్నదంతా రాస్‌షైర్.

ఇలాంటి కౌంటీని నడపడం తలనొప్పే కదా. వంశపారంపర్య షెరీఫ్ (కౌంటీలో న్యాయ విచారణ చూసే అధికారి) పదవులు రద్దయ్యాక, 1748 నుంచి రెండు కౌంటీలకూ ఒకే షెరీఫ్‌ను పెట్టారు. పార్లమెంటు సీటు సంగతి ఇంకా విచిత్రం: 1832 వరకు నెయిర్న్‌షైర్‌తో వంతులవారీగా, ఒక ఎన్నికకు వీళ్లు, తర్వాతి దానికి వాళ్లు ఎంపీని ఎన్నుకునేవారు.

చివరికి 1889 స్థానిక ప్రభుత్వ చట్టం రెండింటినీ కలిపి రాస్ అండ్ క్రొమార్టీ చేసింది. డింగ్‌వాల్ ముఖ్య పట్టణం. 1975లో ఆ కౌంటీ కూడా పోయింది. ఇప్పుడు ఈ ముక్కలన్నీ హైలాండ్ కౌన్సిల్ అనే స్థానిక పాలనా సంస్థ కిందే ఉన్నాయి.