మేనల్లుడికి చిరుతిళ్ల గురించి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

రాత్రి భోజనమయ్యాక కూడా కంప్యూటరు ముందు కూర్చుని మిక్చరు పొట్లం ఖాళీ చేసేస్తున్నానని, నోరు కట్టుకోలేకపోతున్నానని నీవు రాసిన ఉత్తరం చదివాను. ఆసుపత్రిలో ఏళ్ల తరబడి రోగులకు ఆహార నియమాలు చెప్పినదాన్ని కనుక ముందుగా ఒక మాట: దీన్ని నీ మనోబలంలోని లోపంగా ఎంచవద్దు.

ఒకే పదార్థాన్ని తింటూ పోతే కడుపు నిండకముందే నాలుకకు దానిపై మోజు తగ్గుతుంది. అయితే ఆ మొహం మొత్తడం ఆ రుచికే పరిమితం. రుచి మారగానే ఆకలి మళ్లీ లేస్తుంది. పెళ్లి విందులో పులిహోర చాలని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినవారే, వెనుకనే బొబ్బట్టు వస్తే కాదనలేకపోవడం నీవు చూసే ఉంటావు. మిక్చరులో కారప్పూస, బూంది, వేరుశెనగ గుళ్లు, వేయించిన కరివేపాకు గుప్పెట గుప్పెటకూ వేర్వేరు పాళ్లలో నోటికి అందుతాయి గనుక నాలుకకు విసుగు పుట్టే అవకాశమే ఉండదు.

అలాగని తప్పంతా రుచిదే అనడం న్యాయం కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారాన్ని, మరో రెండు వారాలు అలా చేయని ఆహారాన్ని వడ్డించి, కావలసినంత తినమని చెప్పి, 2019లో ఫలితాలు ప్రకటించింది. వడ్డించిన వాటిలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు దాదాపు సమానమే. రెండూ ఒకేలా నచ్చాయని తిన్నవారే చెప్పారు. అయినా ప్రాసెస్ చేసిన తిండి తిన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా, పైగా వేగంగా తిన్నారు. పెద్దగా నమలనక్కరలేని తిండి, చాలన్న కబురు మెదడుకు చేరేలోపే లోపలికి వెళ్లిపోతుందని నా నమ్మకం.

కాబట్టి పొట్లంలో చెయ్యి పెట్టి తినడం మానుకుని, తినదలచినంత చిన్న గిన్నెలో పోసుకుని, పొట్లం మూతి కట్టి వంటింట్లో పెట్టిరా. ఒక పూటకు ఒకే చిరుతిండి చాలు. అది వేయించిన శెనగలో, దోర జామకాయో, నమలవలసినదైతే మరీ మంచిది. పని చేస్తూ తింటే ఎంత తిన్నామో గుర్తుండదు, ఆ తరువాతి పూట తిండి కూడా పెరుగుతుంది; కనుక ఆ పది నిమిషాలూ తెర ఆపి తిను. రాత్రి భోజనాన్ని ఊరగాయ నంజుకోకుండా పెరుగన్నంతో ముగించు. ఉప్పు మాత్రం ఒక్కసారిగా మానకు. రోజుకు 5 గ్రాములకు తక్కువగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తే కొన్ని వారాల్లో తక్కువ ఉప్పే సరిపోయినట్టు ఉంటుంది.

నిద్ర చాలకపోయినా తిండి మీద యావ పెరుగుతుంది, కనుక పదకొండు దాటకుండా పడుకో. నెల తరువాత ఎలా ఉన్నదీ రాయి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య