నానబోసిన శనగలు

అమ్మా,

5వ తరగతి పరిసరాల విజ్ఞానం పాఠ్యపుస్తకం మీద నువ్వు రాసిన సమీక్ష రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు. ఎన్ని కృత్యాలున్నాయో, ఏ ప్రశ్న ఏ విద్యా ప్రమాణం (పిల్లలకు రావాల్సిన సామర్థ్యం) కిందికి వస్తుందో లెక్కగట్టి పట్టిక వేశావు. చివర "ఆధునిక అభ్యసన ప్రమాణాలకు అనుగుణంగా ఉంది" అని తేల్చేశావు. నా పేచీ అక్కడే.

నా తొలి సమీక్షా అచ్చం ఇలాగే ఉండేది. కృత్యాల లెక్క చూసి ఒక పుస్తకాన్ని ఆకాశానికెత్తాను. తర్వాత అదే పుస్తకం చెబుతున్న ఒక బడికి వెళ్లాను. కృత్యం అనగానే పిల్లలు చకచకా పేజీ తిప్పి, కింద అచ్చేసిన జవాబును నోటుబుక్కులోకి ఎక్కించేసుకుంటున్నారు. బల్ల మీదికి ఒక్క గిన్నె రాలేదు. వాళ్లనేమంటాం? జవాబు అక్కడ పెట్టింది పుస్తకమే కదా.

అందుకే కృత్యాల్ని లెక్కపెట్టడం మానేసి, ఒక్కటి చేసి చూడు. జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల పాత 5వ తరగతి పుస్తకం 'లుకింగ్ అరౌండ్'లో విత్తనాల పాఠం ఉంది. మూడు గిన్నెల్లో శనగలు వేయమంటారు. ఒకదాంట్లో నిండా నీళ్లు, ఒకదాంట్లో తడిగుడ్డ, మూడోది పొడిగా. కింద ఖాళీ పట్టిక: గాలి అందిందా, నీళ్లు అందాయా, ఏం మారింది? నింపాల్సింది పిల్లలే. ఇదే ప్రయోగం ఇంకో పుస్తకంలో "మొలకెత్తడానికి గాలి, నీరు అవసరమని తెలుస్తుంది" అంటూ ముగిసిందనుకో. నీ పట్టికలో మాత్రం రెండింటికీ ఒకటే టిక్కు.

మా వంటింట్లో చేసి చూశాను. నీళ్లలో మునిగిన శనగల్లోనూ రెండింటికి బుల్లి ముక్కు వచ్చింది. నాలుగో రోజుకి కంపు కొట్టి మా ఆవిడ పారబోసిందనుకో, అది వేరే సంగతి. మునిగిన గింజ మొలకెత్తదని ముందే చెప్పేసిన పుస్తకం ఆ ముక్కును చూసిన పిల్లకి ఏం చెబుతుంది? నీ సమీక్షలో నేను వెతికింది ఈ ముక్క.

విద్యాహక్కు నిబంధనల్లోకి అభ్యసన ఫలితాలు, అంటే ఏ తరగతిలో పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే జాబితా, 2017లో వచ్చాయి. వాటిలోని క్రియాపదాలు ఒక కాగితం మీద రాసుకో: పరిశీలిస్తారు, వర్గీకరిస్తారు, అంచనా వేస్తారు, నమోదు చేస్తారు. పక్కనే పాఠం చివరి ప్రశ్నల్లోవి రాయి. అన్నీ "పేర్కొనండి", "రాయండి" అయితే నీకు వేరే పట్టిక అక్కర్లేదు. ప్రశ్న పక్కన ప్రమాణం నంబరు వేసినంత మాత్రాన ప్రశ్న మారదు.

ఇంకొకటి. చదువు ఎలా ఉండాలో చెప్పే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం-2011 చూసి రాసిన పుస్తకాన్ని, అదే పని దేశమంతటికీ చేసే 2023 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం చేతపట్టుకుని చితకబాదకు. దేని కొలతతో కొలుస్తున్నావో మొదటి పేరాలోనే చెప్పు.

'పరికల్పన' (ప్రయోగానికి ముందు వేసుకునే ఊహ) అనే మాట నీ వ్యాసంలో తొమ్మిదిసార్లు వచ్చింది. పిల్లలు "నేనిట్లా అనుకున్నా" అంటారు. ఒక్కసారైనా ఆ మాట రాయి.

శనగలు ఈ రాత్రే నానబోయి. ఆదివారం ఫోన్ చేసి ఏ గిన్నెలో ఏమైందో చెప్పు, వ్యాసం తర్వాత తిరగరాద్దువు.

నీ
మాస్టారు