గుణుపురం సంతకి వచ్చే ముందు

చిట్టీ,

నువ్వు గుణుపురం, పర్లాకిమిడి సంతల్లో ఆకుకూరలు కొని, వాటి మీద సైక్లోస్పోరా అనే విరేచనాలు పట్టించే సూక్ష్మజీవి ఉందేమో చూసి, జీనోమ్ సీక్వెన్సింగ్‌తో, అంటే దాని డీఎన్‌ఏ అంతా చదివి, అది ఎక్కడిదో పట్టుకుంటావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే వీధంతా చాటేశాను. రాత్రికి టెన్షన్ పట్టుకుంది.

శాంపిల్ ఫార్మలిన్‌లో వెయ్యకు, డీఎన్‌ఏ పాడవుతుంది. ఏ కట్ట ఏ బుట్టలోదో అక్కడికక్కడే రాసుకో. టోపీ పెట్టుకో. సంక్రాంతి సెలవుల్లో కాదు, వానల్లో రా. నేపాల్లో కూడా ఈ జబ్బు వానాకాలంలోనే ఎక్కువ.

ఇక అసలు సంగతి. నేను ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో ఓ పెళ్లయిన రెండో రోజు నుంచి ఊళ్లో చాలామందికి విరేచనాలు. ఎన్నాళ్లకీ తగ్గలేదు. మలానికి యాసిడ్ ఫాస్ట్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గులాబీ రంగు గుండ్రాలు, కొన్ని ముదురు, కొన్ని వెలిసినట్టు. కొలిస్తే 8 నుంచి 10 మైక్రాన్లు. దీన్ని పోలిన క్రిప్టోస్పోరిడియం అనే ఇంకో జీవి అయితే అందులో సగమే ఉండాలి, అంటే ఇది సైక్లోస్పోరాయే. ఇది కడుపులో పడ్డాక బయటపడటానికి దాదాపు వారం పడుతుంది కదా, పెళ్లి భోజనం వదిలేసి అంతకు ముందు వారం ఏం తిన్నారో అడగండి అన్నాను. విచారణకి వచ్చినాయన వింటేనా! పెళ్లికి కొత్తిమీర ఇచ్చిన సవర గిరిజన ఆవిడ మీద పడ్డారు. ఆవిడకి సవర భాష, కాస్త ఒడియా. ప్రశ్నలన్నీ తెలుగులో. బుట్ట కాలవలోకి తన్నారు. ఆ కాలవలోనే సంతలో అందరూ వాడిపోకుండా కట్టలు ముంచి తీసేవారు. ఆ నీళ్లు ఒక్క సీసాడు పట్టిన వాడు లేడు. కొన్ని వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. అల్లం, పసుపు మాత్రమే తెచ్చింది. కొత్తిమీర ఇంకెప్పుడూ తేలేదు.

మనవాళ్లనే అనకు. 1996లో అమెరికా, కెనడాల్లో 1,400 మందికి పైగా ఇదే జబ్బు వస్తే ముందు కాలిఫోర్నియా స్ట్రాబెర్రీలని నిందించారు. రైతులు నష్టపోయాక తేలింది, గ్వాటెమాలా నుంచి వచ్చిన రాస్ప్‌బెర్రీలని.

నా భయమల్లా అదే తల్లీ. అప్పుడు ఆవిడ కాదనడానికైనా వీలుండేది. రేపు నీ కాగితం చూపించి "డీఎన్‌ఏ తేల్చేసింది" అంటారు. బాక్టీరియాలా ఇది ల్యాబ్‌లో పెరగదు, ఉన్న కొద్దిపాటి డీఎన్‌ఏతోనే నెట్టుకురావాలి. పైగా ఇది ఆడామగా కలిసి పుట్టే జీవి, తరతరానికీ జన్యువులు కలగలిసిపోతాయి. ఒకే రోగిలో రెండు మూడు రకాలూ ఉండొచ్చు. అందుకే అమెరికాలో రోగాల నియంత్రణ చూసే సీడీసీ వాళ్లు కూడా జన్యువుల్లో 8 చోట్లు పోల్చి రోగులని గుంపులు చేస్తారు, దాంతోపాటు ఎవరేం తిన్నారనీ అడుగుతారు. ఆ అడగడం మానేస్తే నీ మెషిన్ ఎందుకు? కట్ట మీద దొరికినా అది చేలో అంటిందో, కాలవలో అంటిందో, బతికుందో చచ్చిందో డీఎన్‌ఏ చెప్పదు. వంటవాడి చేతులనీ అనుమానించకు. మనిషి నుంచి బయటపడ్డాక వారం, రెండు వారాలు బయట ముదిరితేగానీ అది ఇంకొకరికి అంటదు. మనిషి తప్ప దీనికి వేరే ఆశ్రయం ఇప్పటిదాకా తెలీదు కాబట్టి ముందు కాలవకి పైన ఎక్కడ దొడ్డికి పోతున్నారో చూడు.

అందుకని కాలవ నీళ్లూ, చేలకి పెట్టే నీళ్లూ పట్టు. అమ్మేవాళ్ల పేర్లు రాయకు, నంబర్లు వెయ్యి. సవర మాట్లాడే పిల్లనొకతెని వెంటబెట్టుకో. కొత్తిమీర దగ్గర బేరమాడావంటే ఊరుకోను.

ఇంత కోప్పడ్డానని బెంగ పెట్టుకోకు. మన ఇంట్లో సీక్వెన్సింగ్ చేసే పిల్ల పుడుతుందని ఎవరనుకున్నారు! మా ఇంట్లోనే దిగు. ఐస్ పెట్టె మాత్రం నువ్వే తెచ్చుకో, నీ సీసాలు నా పెరుగు పక్కన పెట్టనివ్వను.

మీ పెద్దమ్మ