గల్లాపెట్టె లెక్కకు భయపడే మేనకోడలికి

చిత్తూరు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న తిరుపతి వచ్చినప్పుడు నీ టిఫిన్ అంగడిలో ఒక పూటంతా కూర్చున్నాను. చెనక్కాయల చట్నీని జనం అడిగి మరీ వేయించుకుంటున్నారు, బేరానికి కొదువ లేదు. అయినా లెక్కల మాట ఎత్తగానే నీ ముఖం వాడిపోయింది. బిల్లులన్నీ రబ్బరుబ్యాండు వేసి గల్లాపెట్టె అడుగున కుక్కి ఉన్నాయి. పాలవాడికి ఇచ్చిన చేత్తోనే అదే గల్లాలోంచి పాప స్కూలు ఆటోకు కూడా తీసి ఇచ్చావు. నీకు లెక్కలు రాకపోవడం వల్ల కలిగిన భయం కాదమ్మా ఇది. ఇంటి డబ్బూ అంగడి డబ్బూ ఒకే పెట్టెలో కలిసిపోవడం వల్ల, ఉన్నదానిలో ఏది నీదో ఏది అంగడిదో తెలియక కలిగిన భయం.

కనుక మొదట ఆ రెండింటినీ విడదీయి. బ్యాంకులో అంగడికి వేరే ఖాతా తెరిచి, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఆ ఖాతాకే మార్పించు. నీకు నీవే ఒక జీతం నిర్ణయించుకొని, నెల మొదటి తేదీన దానిని ఇంటికి తీసుకో. ఆ పైన ఇంటికి ఎంత అవసరం వచ్చినా గల్లాలో చెయ్యి పెట్టకు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించే మనిషి తనకు జీతం వేసుకోకుండా, మిగిలిందంతా లాభమని అనుకోవడం మన అంగళ్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు.

ఇక రోజుకు ఎంత అమ్మాలో తెలుసుకోవాలి. నీవు చెప్పిన అంకెలతోనే చూద్దాం. అద్దె 12,000, ఇద్దరు పనివాళ్ల జీతాలు 27,000, కరెంటు 3,000, నీ జీతం 18,000, వెరసి 60,000 రూపాయలు. అంటే అమ్మినా అమ్మకపోయినా రోజుకు 2,000 ఖర్చు ఖాయం. నూరు రూపాయల అమ్మకంలో బియ్యం, మినపప్పు, నూనె, పాలు, గ్యాస్ కలిపి 55 పోతే నీ చేతిలో నిలిచేది 45. ఆ లెక్కన 2,000 రావాలంటే సుమారు 4,450 రూపాయల అమ్మకం జరగాలి. ఈ ఒక్క అంకెను గల్లాపెట్టె మూతకు లోపలివైపు రాసి అంటించుకో. సాయంత్రానికి అది దాటితే ఆ రోజు నిలబడ్డావన్నమాట. వారంలో నాలుగు రోజులు దాటకపోతే ధర తక్కువగా ఉందా, పిండి మిగిలి పారబోస్తున్నావా, అప్పు ఖాతా మీద తినేవాళ్లు పెరిగారా అని వెంటనే చూడాలి.

చిట్టా రాయడానికి రోజుకు పది నిమిషాలు చాలు. నిన్నటి నిల్వ, ఈ రోజు జమ, ఈ రోజు ఖర్చు, చేతిలోని నిల్వ, ఈ నాలుగే రాయి. ఫోన్‌లో పడిన సొమ్మును వేరే గడిలో వేయి. ఏ రోజుదైనా తప్పిపోతే మరుసటి రోజు ఊహించి పూరించవద్దు. ఖాళీగా వదిలేసి ముందుకు సాగు.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది తిరుపతి వ్యాపారపు తీరు గురించి. వేసవి సెలవుల్లోనూ, బ్రహ్మోత్సవాలు, తమిళుల పెరటాసి నెల శనివారాలు వచ్చే సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ గల్లా నిండుతుంది; పిల్లల పరీక్షల కాలమైన ఫిబ్రవరి, మార్చిల్లో యాత్రికులు పలచబడతారు. కాబట్టి నిండిన నెలల సొమ్ములో కొంత, పలచబడిన నెలల అద్దెదే. నేను అంగడి నడిపిన రోజుల్లో ఆ సంగతి గ్రహించక ఒక వేసవిలో మిగిలిన డబ్బంతా పెట్టి మీ అత్తకు గాజులు చేయించాను. ఆ వచ్చిన ఫిబ్రవరిలో అద్దెకు తడుముకొని డైలీ ఫైనాన్సు దగ్గరికి వెళ్లాను. 10,000 అని కాగితం మీద రాసి చేతికి 8,500 ఇచ్చారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాను. అసలు రోజురోజుకూ తగ్గుతూ పోయింది గనుక, లెక్కవేస్తే అది ఏడాదికి నూటికి నూరు దాటిన వడ్డీ. చివరికి ఆ గాజులే కుదువపెట్టి బయటపడ్డాను.

మన ఇళ్లలో స్వామికి మొక్కుకొని పసుపుగుడ్డలో ముడుపు కడితే, ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఎవరూ దానిని తాకరు కదా. అద్దెకు ఒకటి, గ్రైండరు, పొయ్యి మరమ్మతులకు ఒకటి, పన్నులకు ఒకటి, అలాగే మూడు ముడుపులు కట్టు. రోజూ గల్లా కట్టేటప్పుడు అద్దె ముడుపులో 400 పడాలి, బేరం బాగున్న రోజున మిగతా రెండింటిలో వీలైనంత పడాలి. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగిపోయి ఊరంతా బోసిపోయినప్పుడు, అప్పటికి దాచుకొన్నదే చిన్న అంగళ్లవాళ్లకు దిక్కయింది.

పన్ను మాట క్లుప్తంగా చెబుతాను. హోటల్ వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు; రోజుకు సగటున 5,500 అమ్మితే నీవు ఆ గీత దాటినట్లే. చిన్న హోటళ్లకున్న కాంపోజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకం మీద ఒకే లెక్కన కట్టే 5 శాతాన్ని కస్టమరు దగ్గర వసూలు చేయకూడదు, మన చేతిలోంచే కట్టాలి. అందుకే ఆ గీత దగ్గరపడక ముందే ఆడిటరును కలిసి, ధరలు దానికి తగినట్లు సరిచూసుకో.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం అంగడి కట్టేశాక చిత్తూరు బస్సు ఎక్కి రా. ఆ బిల్లుల కట్టను సర్దవద్దు, ఎలా ఉన్నదో అలాగే తీసుకురా. కొత్త చిట్టా పుస్తకానికి గీతలు గీసి సిద్ధంగా ఉంచుతాను. మొదటి పేజీ ఇద్దరం కలిసి రాద్దాం.

ఇట్లు,
మీ మామయ్య